బ్యాటరీ లైటు ఏడాదైనా ఉండదేం?

ఏ ఊరి సంతకు వెళ్లినా ప్లాస్టిక్ సామాన్ల పక్కనే ఛార్జింగ్ టార్చిలైట్ల గుట్ట కనిపిస్తుంది. కొన్నరోజు కళ్లు జిగేల్‌మంటాయి. దసరాకు కొన్నది ఉగాది నాటికి మసకబారుతుంది. వానాకాలం వచ్చి, కరెంటు పోయి, నిజంగా అవసరం పడేసరికి వెలగనే వెలగదు. దాన్ని మూలన పడేసి మళ్లీ సంతకెళ్లి మరొకటి కొంటాం. ఎల్‌ఈడీ ఆయుష్షు వేల గంటలని డబ్బామీద రాస్తారు. ఆ మాట అబద్ధమేమీ కాదు. సరిగా వాడితే ఎల్‌ఈడీ అంతకాలం వెలుగుతుంది. దాన్ని సరిగా వెలిగించే ఏర్పాటే ఆ టార్చిలో ఉండదు.

మంచి బ్యాటరీ లైటు ఖరీదైన వస్తువు కాదు. ఎల్‌ఈడీకి ఏం కావాలో తెలిసి చేసిన వస్తువు, అంతే. దానికి కావాల్సింది కొలిచి ఇచ్చిన, నిలకడైన కరెంటు. వోల్టుల సంగతి ఆ తరవాత. ఈ ఒక్క విషయం పట్టుబడితే ఏది కొనాలో, ఉన్నదాన్ని ఎలా బాగుచేసుకోవాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

పొట్ట విప్పితే

పాడైన టార్చి ఒకటి తీసుకుని స్టిక్కర్ కింద దాగిన మరలు విప్పండి. లోపల నాలుగు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఒక గోధుమరంగు కెపాసిటర్, నాలుగు డయోడ్లు, ఛార్జింగ్ తెలిపే ఎర్ర దీపం కనిపిస్తాయి. ముందువైపు గుండ్రటి బోర్డుమీద అయిదు మిల్లీమీటర్ల తెల్ల ఎల్‌ఈడీలు వరసలుగా గుచ్చి ఉంటాయి. వాటి పొడుగు కాళ్లన్నీ ఒక రాగిచారకు, పొట్టి కాళ్లన్నీ మరోదానికి అతికి ఉంటాయి. బ్యాటరీకీ వాటికీ మధ్య ఒక స్విచ్చి, రెండు సన్నటి తీగలు. చాలావాటిలో అంతకుమించి ఏమీ ఉండదు. వెలగడం మానేసిన ఎల్‌ఈడీని వెలుతురులో పెట్టి చూస్తే లోపలి పసుపు చుక్క నడుమ నల్లటి మచ్చ కనిపిస్తుంది. అది కాలిపోయిన గుర్తు.

తాతలనాటి రెండు సెల్లుల టార్చిలోనూ మధ్యలో ఏమీ లేదు కదా, అది ఏళ్లతరబడి పనిచేసింది కదా అని అడగొచ్చు. అక్కడ ఫిలమెంటే కాపలా కాసింది. వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది కాబట్టి కరెంటు హద్దుమీరదు. ఎల్‌ఈడీ తీరు సరిగ్గా దీనికి వ్యతిరేకం. మామూలు తెల్ల ఎల్‌ఈడీ 3 వోల్టుల దగ్గర పదిలోపు మిల్లీ ఆంపియర్లే తీసుకుంటుంది. 3.2 దగ్గర దానికి తగిన 20 మిల్లీ ఆంపియర్లు అందుతాయి. ఇంకో పావు వోల్టు పెరిగితే కరెంటు రెట్టింపు దాటిపోతుంది. పైగా వేడెక్కేకొద్దీ అదే వోల్టేజికి మరింత కరెంటు లాగుతుంది, దాంతో మరింత వేడెక్కుతుంది.

ఇప్పుడు ఆ టార్చి సంగతి చూడండి. నాలుగు వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 పైనే చూపిస్తుంది. దాన్ని నేరుగా 3.2 వోల్టుల ఎల్‌ఈడీలకు తగిలించారు. సన్నటి తీగల నిరోధం, బ్యాటరీ లోపలి నిరోధం కాస్త ఆపుతాయి కాబట్టి ఆ కొద్దినెలలైనా బతుకుతాయి. ఒకే అచ్చులో వచ్చిన ఎల్‌ఈడీలైనా అన్నీ ఒకేలా ఉండవు. పక్కపక్కన కట్టినప్పుడు కొంచెం తక్కువ వోల్టేజికే వెలిగేది ఎక్కువ కరెంటు లాక్కుని ముందుగా మాడుతుంది. అది మాడి తెగిపోతే దాని వాటా మిగతావాటిమీద పడుతుంది. ఒకదాని వెనక ఒకటి పోవడానికి కారణం ఇదే.

ఆ గోధుమరంగు కెపాసిటర్ గురించి ఒక హెచ్చరిక. ఇలాంటి టార్చిల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, దాని బదులు ఆ కెపాసిటరే కరెంటును తగ్గిస్తుంది. ప్లగ్గులో పెట్టినప్పుడు లోపలి ప్రతి తీగా 230 వోల్టుల లైనుతో కలిసే ఉంటుంది. ఛార్జింగులో ఉండగా విప్పకూడదు, పగిలిన టార్చిని ప్లగ్గులో పెట్టకూడదు, తడిచేత్తో అసలే తాకకూడదు. ఇంట్లో పిల్లలుంటే ఈ రకాన్ని కొనకపోవడమే మేలంటాను.

కరెంటుకు కొలత

అన్నిటికన్నా చవకైన ఉపాయం రెసిస్టర్. బ్యాటరీ వోల్టేజిలోంచి ఎల్‌ఈడీ వోల్టేజి తీసేసి, మిగిలినదాన్ని కావాల్సిన కరెంటుతో భాగించాలి. మూడు పెన్సిల్ సెల్లులు కలిపితే 4.5 వోల్టులు. అందులోంచి 3.2 పోతే 1.3. దాన్ని 0.02 ఆంపియర్లతో భాగిస్తే 65 ఓములు. దుకాణంలో దొరికేది 68. ప్రతి ఎల్‌ఈడీకీ విడిగా ఒకటి ఉండాలి. అన్నిటికీ కలిపి ఒక్కటే పెడితే కరెంటు కోసం ఇందాకటి కొట్లాట మళ్లీ మొదలవుతుంది.

పన్నెండు వోల్టుల బ్యాటరీకి ఒక్క ఎల్‌ఈడీ తగిలిస్తే 8.8 వోల్టులు రెసిస్టర్‌లోనే వేడిగా పోతాయి. అంటే బ్యాటరీలోని శక్తిలో నూటికి 73 పాళ్లు దండగ. అదే మూడు ఎల్‌ఈడీలను ఒకదాని వెనక ఒకటి కడితే దండగ 20 పాళ్లకు తగ్గుతుంది. లెక్కప్రకారం 120 ఓములు చాలు. కానీ ఛార్జింగులో ఉన్న బ్యాటరీ 13.8 వోల్టులకు ఎక్కుతుంది కాబట్టి 150 పెట్టుకోవడం క్షేమం. కాస్త తక్కువ కరెంటుతో వెలిగినంతమాత్రాన కంటికి పెద్ద తేడా తెలియదు. సగం వెలుతురును మన కన్ను సగంగా చూడదు. పైగా తక్కువ కరెంటు దగ్గర ఎల్‌ఈడీ వాట్‌కు ఇచ్చే వెలుతురు పెరుగుతుంది.

ఒక వాట్ ఎల్‌ఈడీల దగ్గరికి వచ్చేసరికి రెసిస్టర్ చాలదు. వాటికి 350 మిల్లీ ఆంపియర్లు కావాలి. లిథియం సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు, అయిపోవస్తున్నప్పుడు 3.3. మధ్యలో 3.7 దగ్గర సరిపోయేలా రెసిస్టర్ పెడితే మొదట్లో అర ఆంపియరు పారుతుంది, చివర్లో మిణుకుమిణుకుమంటుంది. ఇక్కడ అక్కరకొచ్చేది కరెంటును నిలకడగా ఉంచే డ్రైవర్. అందులో నాకు బాగా నచ్చినది ఏఎంసీ 7135 అనే చిన్న చిప్. మినపగింజంత ఉంటుంది. సెల్ ఎంత నిండుగా ఉన్నా 350 మిల్లీ ఆంపియర్లే దాటనిస్తుంది. తనకోసం వోల్టులో ఎనిమిదో వంతు మిగిలితే చాలు దానికి. 2,500 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్‌తో ఇంచుమించు ఏడుగంటలదాకా వెలుతురు పెద్దగా తగ్గదు. ఆ తరవాత మెల్లగా మసకబారుతూ ఛార్జింగ్ పెట్టమని చెబుతుంది.

సెల్ వోల్టేజి ఎల్‌ఈడీకి చాలనప్పుడు, అంటే ఒకే పెన్సిల్ సెల్‌తో వెలిగించాలంటే, పెంచే డ్రైవర్ కావాలి. ఇందులో తేలిగ్గా చేసుకోదగ్గది జౌల్ థీఫ్. ఒక ఫెర్రైట్ రింగుకు రెండు తీగలు చుట్టి, ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్ కలిపితే అయిపోతుంది. గోడగడియారంలోంచి తీసేసిన సెల్‌తోనూ ఎల్‌ఈడీ వెలుగుతుంది. హైస్కూలు పిల్లలచేత చేయించదగ్గ ప్రయోగం ఇది. సామాను హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

వేడిని వదిలేస్తే పైదంతా వృథా. తెల్ల ఎల్‌ఈడీకి ఇచ్చిన విద్యుత్తులో సగానికిపైనే వేడిగా మారుతుంది. ఆ వేడి వెనకవైపునుంచే పోవాలి. అందుకే ఒక వాట్ ఎల్‌ఈడీని నక్షత్రం ఆకారపు అల్యూమినియం పలకమీద అతికించి అమ్ముతారు. ఆ పలకకు హీట్‌సింక్ పేస్టు రాసి మరో అల్యూమినియం ముక్కకు బిగించాలి. పదినిమిషాలు వెలిగించాక ఆ ముక్కమీద వేలు నిలవగలిగితే మంచిదే. నిలవకపోతే ఇంకా పెద్ద ముక్క కావాలి. పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసిన టార్చిలో అయిదు వాట్లు, పది వాట్లు అని రాసి ఉంటే నమ్మకండి. ఆ వేడి పోయే దారే అక్కడ లేదు.

డబ్బామీది అంకెలు

వెయ్యి ల్యూమెన్లు, పదిగంటలు, 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ అని రాసి ఉందనుకోండి. అక్కడే నిలబడి లెక్క వేయండి. మంచి తెల్ల ఎల్‌ఈడీ వాట్‌కు నూరు ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే వెయ్యికి పది వాట్లు కావాలి. పదిగంటలకు నూరు వాట్ అవర్లు. బ్యాటరీలో ఉన్నది రెండు ఆంపియర్ అవర్లను 3.7తో గుణిస్తే 7.4 వాట్ అవర్లు. అంటే గంటసేపు కూడా నడవదు. ల్యూమెన్లు, గంటలు రెండూ వేర్వేరుగా నిజమే కావచ్చు. కలిపి నిజం కావు.

టార్చిలను కొలవడానికి 2009లో అమెరికాలో ఎఫ్ఎల్ 1 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం వెలుతురు పదోవంతుకు పడిపోయేదాకా గడిచిన సమయాన్ని వెలిగే కాలంగా చెప్పవచ్చు. అంటే ప్రమాణం పాటించిన కంపెనీ చెప్పే గంటల్లోనూ చాలాభాగం మసక వెలుతురే అయ్యుండొచ్చు. దూరం లెక్క కూడా అలాంటిదే. లక్ష్యంమీద పావు లక్సు, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలంత, పడేంత దూరాన్నే అందులో చెబుతారు. అంత దూరాన ఉన్న మనిషిని పోల్చుకోగలమని కాదు.

చిన్న ఎల్‌ఈడీలను మిల్లీ క్యాండెలాల్లో అమ్ముతారు. ఇరవైవేలు అన్నది అయిదువేలకన్నా మేలనిపిస్తుంది. కానీ క్యాండెలా చెప్పేది ఒక దిక్కున కాంతి ఎంత గాఢంగా ఉందన్నదే. పదిహేను డిగ్రీల సన్నటి కోణంలో ఇరవైవేల మిల్లీ క్యాండెలాలంటే మొత్తం వెలుతురు ఒక ల్యూమెన్. అరవై డిగ్రీల కోణంలో అయిదువేలంటే నాలుగు ల్యూమెన్లు. చదువుకోవడానికి రెండోదే కావాలి.

18650 అనే లిథియం సెల్లులమీది అంకెలు మరీ అన్యాయం. ఆ పేరులోనే కొలత ఉంది, 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు. అంత డబ్బాలో ఇప్పటివరకూ పేరున్న కంపెనీలు పట్టించగలిగింది 3,500 మిల్లీ ఆంపియర్ అవర్ల చుట్టుపక్కలే. 9,900 అని రాసిన సెల్ నకిలీ. తూకం వేస్తే దొరికిపోతుంది. అసలుది 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది, నకిలీ చాలావరకు తేలిగ్గా ఉంటుంది. లిథియం సెల్‌ను టీపీ 4056 లాంటి, సరిగ్గా 4.2 వోల్టుల దగ్గర ఆగే ఛార్జర్‌తోనే నింపాలి. సెల్ మరీ నిండకుండా, మరీ ఖాళీ కాకుండా ఆపే ప్రొటెక్షన్ బోర్డు తప్పనిసరి. ఉబ్బిన సెల్‌ను, పై తొడుగు చిరిగిన సెల్‌ను వాడొద్దు. మండువేసవిలో కారు డ్యాష్‌బోర్డుమీద వదలొద్దు. నెలలతరబడి వాడకపోతే సగం ఛార్జింగుతో దాచాలి. లెడ్ యాసిడ్ తీరు దీనికి పూర్తిగా తలకిందులు. అది ఎప్పుడూ నిండుగా ఉండాలి. అయిపోయాక వారాలపాటు వదిలేస్తే లోపలి పలకలమీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ ఛార్జింగ్ ఎక్కదు. సంత టార్చిల్లో ఎల్‌ఈడీలకన్నా ముందు పోయేది చాలాసార్లు ఈ బ్యాటరీయే.

ఎంత వెలుతురు చాలు?

ఎర్ర ఎల్‌ఈడీని 1962లో నిక్ హోలోన్యాక్ వెలిగించాడు. నీలం కోసం మరో మూడు దశాబ్దాలు పట్టింది. అది సాధించిన అకసాకి, అమనో, నకముర 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. నీలం చిప్‌మీద పసుపు ఫాస్ఫర్ పూస్తే తెలుపు వస్తుంది. మనం చూసిన పసుపు చుక్క అదే. ఆ తెల్ల ఎల్‌ఈడీ విలువను తొలినాళ్లలోనే పట్టుకున్నవారిలో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవ్ అర్విన్-హాలిడే ఒకరు. 1997లో నేపాల్ కొండల్లో తిరుగుతూ వెలుతురులేని బడిని చూశాడు. వెనక్కి వెళ్లి వెతికితే జపాన్‌లోని నిచియా కంపెనీ ఎల్‌ఈడీ దొరికింది. వాట్‌లో పదోవంతుతోనే ఒక బిడ్డ చదువుకోగలదని తెలిసి ఆశ్చర్యపోయాడు. ఆ పనికి 2002లో రోలెక్స్ పురస్కారం వచ్చింది.

ఆ పదోవంతు వాట్‌ను తలుచుకుంటే సంత టార్చిమీది వేల ల్యూమెన్ల మోజు అనవసరమనిపిస్తుంది. రాత్రి కరెంటు వంతు వచ్చి చేనుకు వెళ్లి స్టార్టరు నొక్కిన రైతుకు కావాల్సింది ఆకాశంలోకి దూసుకెళ్లే కిరణం కాదు. కాళ్లముందు నాలుగడుగుల మేర విశాలంగా పడే వెలుతురు. యాభై నుంచి నూరు ల్యూమెన్లు చాలు. కట్లపాము, రక్తపింజర తిరిగేది ఎక్కువగా రాత్రిపూటే. ఎండుటాకుల్లో రక్తపింజర మచ్చలు కలిసిపోతాయి. 6,500 కెల్విన్ల నీలితెలుపులో గోధుమ, ఎరుపు ఛాయలు పాలిపోతాయి. 4,000 కెల్విన్ల దగ్గర, రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే సీఆర్ఐ అంకె 80 పైనున్న ఎల్‌ఈడీ ఎంచుకుంటే ఆ తేడాలు బాగా తెలుస్తాయి. దీపపు పురుగులూ తక్కువ ముసురుతాయి. కొంచెం వెలుతురు తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఇంకోమాట, తలకు కట్టుకున్న లైటు కంటి పక్కనే ఉంటుంది కాబట్టి నీడలు కనపడవు, నేలంతా ఒకే చదునుగా ఉన్నట్టుంటుంది. గట్లమీద నడిచేటప్పుడు లైటును నడుము ఎత్తున పట్టుకుంటే గుంట, రాయి, పాము నీడతో సహా తేలతాయి.

పాత టార్చి విప్పారు కాబట్టి దాన్ని పారేయనక్కర్లేదు. అద్దం, డొల్ల బాగుంటే లోపలిదంతా తీసేసి ఒక 18650 సెల్, ప్రొటెక్షన్ ఉన్న టీపీ 4056 బోర్డు, ఒక 7135, అల్యూమినియం ముక్కకు బిగించిన ఒక వాట్ ఎల్‌ఈడీ పెట్టుకోవచ్చు. గోడప్లగ్గు పిన్నులు కోసేసి ఫోన్ ఛార్జర్‌తోనే నింపుకోవచ్చు. సోల్డరింగ్ చేతకాకపోతే సెల్‌ఫోన్ బాగుచేసే కుర్రాడికివ్వండి, సెల్‌కు నేరుగా టంకం పెట్టకుండా హోల్డర్ వాడమనండి. బయటికి తీసిన లెడ్ యాసిడ్ బ్యాటరీని మాత్రం పెంటలో వేయొద్దు. అందులో సీసం, ఆమ్లం ఉన్నాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. కారు బ్యాటరీలు అమ్మే దుకాణంలో పాతవాటిని తీసుకుంటారు, అక్కడ అడగండి.