మజిలీ: ఒక అరబ్బీ పదము, ఒక తెలుగు కథాసంపుటి

కథలు దేశాంతరము వెళ్లుటకు రెండు మార్గములు కలవు. అనువాదమున కథ తన పేరును ఊరును చెప్పుకొని వచ్చును. ఆదానమున ఆ రెండును మఱచి, చేరిన యింటి బిడ్డయై పెరుగును. తుర్కీభాషలో వేయిన్నొక్క రాత్రులకు 15వ శతాబ్దినాటికే అనువాదములు వెలసినవి. తెలుగున ఆదానము ఎట్లు జరిగెనో తెలిసికొనుటకు రాజమహేంద్రవర నివాసియగు మధిర సుబ్బన్న దీక్షితకవి 12 భాగములుగ రచించిన కాశీమజిలీకథలు చక్కని యాధారము.

ముందుగ పేరు చూతము. మజిలీ శబ్దమునకు మూలము అరబ్బీ 'మన్‌జిల్'. 'దిగుట' అను నర్థముగల ధాతువునుండి పుట్టి, అది ప్రయాణికుడు దిగుచోటును తెలుపును. తుర్కీలో ఇదియే 'మెన్‌జిల్' అయి, ఉస్మానీ ప్రభుత్వపు వార్తాహరులు గుఱ్ఱములు మార్చుకొను విడిదులకు పేరైనది. తెలుగున నకారము లోపించి, తుద ఈకారము చేరినది. గోల్కొండ, నిజాము ప్రభుత్వముల కాలమున జిల్లా, తాలూకా, హక్కు, జవాబు మున్నగు పదములతోపాటు ఇదియు గోదావరీ మండలమున నాటుకొన్నది. 1830–31లో కాశికేగిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో ఈ పదమునే వాడెను. కావున దీక్షితకవి దీనిని పరభాషాపదమని యెంచి గ్రహింపలేదు. యాత్రికుల నోట నున్న తెలుగుమాటగనే గ్రహించెను.

ఇక కథాచట్రము. మణిసిద్ధుడను యతి కాశికేగుచు గోపబాలుని తోడు చేసికొనును. దారిలో తాను చూచిన వింతల వృత్తాంతమును చెప్పవలెనని బాలుని నియమము. మజిలీ మజిలీకి ఒక కథ సాగును. రాత్రికొక కథ చెప్పిన షహ్రజాదు దీనివలన స్ఫురించుట సహజము. అంతమాత్రమున దీనిని అనుకరణమనరాదు. కథలో కథను పొదుగు నేర్పు మనకు పంచతంత్ర కాలమునాటిది. ఆ గ్రంథమే 8వ శతాబ్దిలో అరబ్బీలో కలీలా-దిమ్నాగను, 16వ శతాబ్దిలో తుర్కీలో హుమాయూన్‌నామాగను వెలసినది. పైగా భేదము స్పష్టము. షహ్రజాదు ప్రాణరక్షణకై చెప్పును, వినువాడు ప్రభువు. మణిసిద్ధుడు తోడు నిలుపుకొనుటకై చెప్పును, వినువాడు పసులకాపరి. ఏ కథ కావలెనో నిర్ణయించునది ఆ బాలుని ప్రశ్నయే.

ఆదానమునకు మఱింత స్ఫుటమగు నుదాహరణము ఈ కథల ప్రేరణతో 1951లో వెలువడిన పాతాళభైరవి చలనచిత్రము. మాంత్రికుడొకడు యువకుని సాధనముగ జేసికొనుట, కోరిక లీడేర్చు వస్తువు, రాకుమారితోకూడ మేడ మాయమగుట, ఇవన్నియు అల్లావుద్దీను కథలోనివే. కాని దీపము శక్తిప్రతిమయైనది. మగ్రిబుదేశపు మాంత్రికుడు నేపాళమువా డయ్యెను. మూలకథయు ఇట్టి ప్రయాణముచే పుట్టినదే. అలెప్పో నగరవాసి హన్నా దియాబు 1709లో పారిస్‌లో దీనిని గాలాఁ పండితునకు చెప్పెను. అందును కథారంగము చీనాదేశము. వింతను దూరదేశమున నుంచుట కథకుల కెల్లెడల నలవాటు.

ఆరేండ్ల పిమ్మట, 1957లో, అల్లావుద్దీన్ అద్భుతదీపము తన పేరుతోనే తెలుగుతెరపై కనబడినది. అప్పటికి ఆ కథ ప్రేక్షకునకు క్రొత్తది కాదు. కావున పరిశోధకుడు అనువాదముల పట్టికతో తృప్తిపడరాదు. పేరు మార్చుకొని మనయింట మసలు కథలనుగూడ ఆనవాలు పట్టవలెను. పోలిక కనబడినంతనే ఋణమని తీర్పు చెప్పకయు నుండవలెను.