వార్తల్లో పదం: థైలేరియోసిస్

పాడి ఆవుకు 104, 105 డిగ్రీల జ్వరం. మేత ముట్టదు, పాలు సగానికి పడిపోతాయి. భుజం ముందు తడిమితే లింఫు గ్రంథి నిమ్మకాయంత గడ్డలా చేతికి తగులుతుంది. పశువైద్యులు అనుమానించే జబ్బు థైలేరియోసిస్. తెచ్చేది 'థైలేరియా అన్యులేటా' అనే ఏకకణ పరాన్నజీవి. మోసుకొచ్చేవి గోమార్లు.

దీని పనితీరు విచిత్రం. నెత్తురులోని తెల్లకణాల్లో దూరి, అవి క్యాన్సర్ కణాల్లా ఆగకుండా విభజన చెందేలా చేస్తుంది. కణం రెండైనప్పుడల్లా తానూ పంచుకుని రెండింట్లోనూ ఉంటుంది. ఆ తర్వాత ఎర్రకణాల్లోకి చేరుతుంది. రక్తహీనత, కొన్నిటికి కామెర్లు అప్పుడే.

జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవులకు ఇది ప్రాణగండం. నాటు పశువులు, గేదెలు చాలావరకు తట్టుకుంటాయి. కానీ పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే పరాన్నజీవిని గోమార్లకు అందిస్తుంటాయి.

జ్వరమే కదా అని మామూలు యాంటీబయాటిక్ సూదులతో రోజులు గడిపేయడం వల్లే చాలా పశువులు చేజారుతున్నాయి. దీనికి మందు బుపార్వాక్వోన్. ఎంత తొందరగా పడితే అంత మేలు. ఇంకో సంగతి, గోమారి కరవగానే జబ్బు అంటదు. దాని లాలాజల గ్రంథుల్లో పరాన్నజీవి పక్వానికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి చెవుల్లో, పొదుగు చుట్టూ, తోక మొదట్లో రోజూ వెతకాలి. కొట్టం గోడల పగుళ్లనూ వదలకూడదు.

టీకా ఉంది. 'రక్షావాక్-టీ'ని హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థే తయారుచేస్తోంది. సజీవ కణాలతో చేసింది కావడంతో ద్రవ నత్రజనిలోనే నిల్వ ఉంచాలి. మామూలు ఐసు డబ్బాలో ఊరూరా తిప్పడం కుదరదు.