సాన రాయి మార్చేటప్పుడు

కొడవలికీ, గొడ్డలికీ, ఉలికీ పదును పెట్టే కరెంటు సాన ఇప్పుడు వెల్డింగు షాపుల్లోనే కాదు, వడ్రంగుల ఇళ్లలోనూ కనిపిస్తోంది. బళ్ళారిలో సాణె అన్నా, హోసూరులో సాణై అన్నా, బరంపురంలో శాణ అన్నా మాట ఒక్కటే, పనీ ఒక్కటే. దాని రాయి అరిగితే కొత్తది వేసుకోవడం పావుగంట పని. కానీ ఆరంగుళాల రాయి నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే, దాని అంచు గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. బీటవారిన రాయి ఆ వేగంలో పగిలిందంటే, ముక్కలు తగిలేది ఎదుట నిలబడ్డ మనిషి ముఖానికే.

ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు.

కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం గదా, రాయినీ అలాగే చూడాలి. పొడిగా తుడిచి, నడిమి రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీయండి. స్క్రూడ్రైవరు చెక్కపిడితో అంచుకు అంగుళం, రెండంగుళాల లోపలగా మెల్లగా తట్టండి. కాస్త తిప్పి మళ్లీ తట్టండి. ఖంగుమంటే మంచిది. బద్దగా పలికితే, ఎంత డబ్బు పోసి కొన్నదైనా, పగలగొట్టి పారేయండి. మూల పెడితే రేపు ఎవరో ఒకరు తెలియక బిగిస్తారు. రాయి మీది చీటీలో వేసిన చుట్ల సంఖ్య మోటారు చుట్ల కంటే తక్కువ ఉండకూడదు. ఆ చీటీ ఏ భాషలో ఉన్నా అంకెలు చదవగలం గదా!

ఇక నట్టు. చాలామంది తికమకపడేది ఇక్కడే. కుడివైపు నట్టుకు మామూలు మర, ఎడమవైపు నట్టుకు ఎదురు మర ఉంటుంది. తిరిగే ఊపుకు నట్టు ఊడకుండా ఉండాలనే ఈ ఏర్పాటు. ఇది తెలియక ఎడమ నట్టును బలవంతాన తిప్పి మర చెడగొట్టినవాళ్లు ఎందరో. గుర్తు ఒక్కటే: రాయి తిరిగే దిక్కున తిప్పితే ఏ నట్టయినా ఊడుతుంది, ఎదురు దిక్కున తిప్పితే బిగుస్తుంది.

కొత్త రాయి ఇరుసు మీదికి సుళువుగా జారాలి. బిగుతుగా ఉందని సుత్తితో కొట్టినా, రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేసినా రాయి చెడుతుంది. రెండు పక్కలా అట్ట వాషర్లు, వాటిపైన ఒకే కొలత గల ఇనుప బిళ్లలు ఉండాలి. అట్ట వాషరు చిన్న వస్తువని పారేస్తారు గానీ, బిళ్ల ఒత్తిడిని రాయి అంతటా సమంగా పంచేది అదే. నట్టును స్పానరుతో చేతి బలం మేరకే బిగించండి. స్పానరుకు గొట్టం తొడిగి లాగితే రాయి లోపల బీటలు వేస్తుంది.

పనిముట్టు ఆనించే బల్లకూ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించరాదు. మించితే చిన్న ఇనుపముక్క ఆ సందులో ఇరుక్కుని, రాయిని బద్దలు చేయగలదు. రాయి అరిగేకొద్దీ బల్లను దగ్గరకు జరపాలి, అదీ యంత్రం ఆపాకనే.

మూత బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని, ఎదురుగా కాక పక్కకు నిలబడి స్విచ్చి వేయండి. ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వండి. వణికినా, అదిరినా ఆపేయండి.