సంతలో పెట్టుబడి ఎలా తిరుగుతుంది

సంతలో చిన్న వ్యాపారం పెట్టుకుందామనుకునేవారు మొదట అడిగేది ‘ఎంత పెట్టుబడి కావాలి?’ అని. పదివేలతో దిగినవాళ్లున్నారు, అంతకంటే తక్కువతో దిగినవాళ్లూ ఉన్నారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది. ఆ పదివేలు ఎన్ని రోజులకు తిరిగి చేతికొస్తాయి?

ముందు సంత ఎందుకు చవకో చూద్దాం. ఖాళీగా ఉన్న చోటును, ఖాళీగా ఉన్న వేళలో వాడుకోవడమే సంత. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాళ్లు పరుచుకుంటారు. ఎర్రగడ్డలో పాత సామాను సంత కూడా ఆదివారమే. జుమ్మేరాత్ బజార్ గురువారం జరుగుతుంది. కాలనీల్లో సాయంత్రం అంగళ్లు రోజుకో వీధికి మారతాయి. వీటిలో షాపుకు కట్టే అడ్వాన్సు, నెల అద్దె ఉండవు. కాకపోతే ఆ చోటు వారానికి ఒక్క పూటే దొరుకుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు వారంలో నాలుగైదు సంతలు చుట్టేస్తారు.

ఒక సాయంత్రం లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, ఊరిని బట్టి మారతాయి. పిల్లల బట్టలు అమ్మే ఒకామెకు ఆ పూట అమ్మకం 4,000 రూపాయలు అనుకుందాం. అందులో సరుకు కొన్న ధర 2,800. మిగిలింది 1,200. ఆటోకు రానూపోనూ 300, చోటుకీ లైటుకీ 100, టీ, టిఫిన్, కవర్లకు ఇంకో 100. అన్నీ పోను 700 ఇంటికొస్తుంది.

అదే అంగట్లో గంట గడవకముందే వాన పట్టుకుందనుకోండి. అమ్మకం 800 దగ్గర ఆగిపోయింది. దాని మీద మిగిలింది 240. ఖర్చు మాత్రం అదే 500. అంటే ఎదురు 260 పోయింది. ఆ 500ను స్థిర ఖర్చు (అమ్మినా అమ్మకపోయినా పడే ఖర్చు) అంటారు. ఈమె సుమారు 1,700 అమ్మేదాకా వచ్చిన లాభమంతా ఆ ఖర్చుకే సరిపోతుంది. ఆ పైన అమ్మే ప్రతి వందలో ముప్పై ఆమెవి. లాభనష్టాల మధ్య ఈ గీత ఎక్కడుందో తెలియకుండా ఏ సంతకూ వెళ్లకూడదు. ఈమధ్య నగరాల్లో ‘ఫ్లీ మార్కెట్’ పేరుతో శని, ఆదివారాల్లో స్టాళ్లు అద్దెకిస్తున్నారు. స్టాలు అద్దె 3,000 అనుకుంటే, ఇదే లాభం మీద ఆ అద్దె రాబట్టడానికే 10,000 అమ్మాలి. కొత్తవాళ్లకు వీధి అంగడే మేలని నా అభిప్రాయం.

ఇక బేరం సంగతి. డెబ్బైకి కొన్న గౌను వందకు అమ్మాలని ఆమె లెక్క. ‘తొంభైకి ఇవ్వమ్మా, పది రూపాయలేగా’ అంటారు కొనేవాళ్లు. వాళ్ల వైపు నుంచి అది పదో వంతే. ఆమె వైపు నుంచి ముప్పైలో పది, అంటే లాభంలో మూడో వంతు. రెండు గౌన్ల మీద రావాల్సిన లాభం కోసం ఇప్పుడు మూడు అమ్మాలి. అందుకే మొదటి ధర నూట ఇరవై, నూట ముప్పై చెబుతారు. అందులో మోసమేమీ లేదు. తగ్గించడానికి జాగా ఉంచుకోవడమే అది. బోణీ బేరానికి మాత్రం చాలామంది అసలుకే ఇచ్చేస్తారు.

బేరానికి డబ్బే కాదు, సమయమూ ఖర్చవుతుంది. సాయంత్రం అంగట్లో అసలు రద్దీ రెండు మూడు గంటలే. ఒక్కో గిరాకీతో ఐదేసి నిమిషాలు మాట్లాడుతుంటే వెనక నిలబడ్డవాళ్లు పక్క పట్టా దగ్గరికి వెళ్లిపోతారు. కాస్త గమనించండి. మంచి గౌన్లు వెనక తాడుకు హ్యాంగర్ల మీద వేలాడుతుంటాయి. ముందు మాత్రం ఒక కుప్ప ఉంటుంది, ‘ఏది తీసుకున్నా యాభై’ అని. కుప్ప దగ్గర బేరం ఉండదు, నలుగురూ వంగి వెతుక్కుంటుంటారు. అలా వంగినవాళ్ల కళ్లు కాసేపటికి హ్యాంగర్ల మీదికి వెళతాయి. కుప్ప మీద లాభం తక్కువే గానీ, జనాన్ని పట్టి ఉంచేది అదే.

సరుకు కొనడంలోనే చాలామంది దెబ్బతింటారు. బేగంబజార్‌లో సామాన్లు, ఫ్యాన్సీ సరుకు, లాడ్‌బజార్‌లో గాజులు, విజయవాడ వస్త్రలతలో బట్టలు హోల్‌సేల్‌గా దొరుకుతాయి. ఎక్కువ తీసుకుంటే ధర తగ్గిస్తామంటారు. ఆశపడితే పెట్టుబడంతా ఒకే రకంలో ఇరుక్కుంటుంది. చలికాలం పోయాక 3,000 విలువైన స్వెట్టర్లు మిగిలాయనుకోండి. వచ్చే ఏడాదికని మూట కట్టి దాస్తే, పదివేల పెట్టుబడి ఏడువేలకు పడిపోయినట్టే. 2,000కు వదిలించుకుంటే వెయ్యి నష్టం. కానీ ఆ 2,000తో కొత్త సరుకు తెస్తే, పై లెక్క ప్రకారం ఒక చుట్టుకు సుమారు 850 మిగులుతుంది. స్థిర ఖర్చు ఎలాగూ పడేదే కాబట్టి, రెండు చుట్లలో ఆ వెయ్యి పూడిపోతుంది. మొదటి నెలల్లో తక్కువ తక్కువగా, తరచుగా కొనడం మంచిది. జీతాలు పడే నెల మొదటి వారం, బడులు తెరిచే జూన్, రంజాన్, దసరా, సంక్రాంతి ముందు మాత్రం చేతి నిండా సరుకుండాలి.

పాత ఫోన్లు అమ్మదలచినవారికి ఒక జాగ్రత్త. ఫోన్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ (ఆ ఫోనుకే సొంతమైన గుర్తింపు సంఖ్య) కనిపిస్తుంది. కొనేముందే ఆ సంఖ్యను కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకోవాలి. దొంగ సొత్తని తెలిసీ కొనడం నేరం.

ఇప్పుడు చోటు, చట్టం. పల్లె సంతల్లో పంచాయతీలు చాలా చోట్ల ఆశీలు (సంతలో చోటుకు కట్టే రుసుం) వసూలు చేసుకునే హక్కును వేలం వేస్తాయి. కట్టిన ప్రతిసారీ రసీదు అడగండి. పట్టణాల్లో 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. దాని ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ (అమ్మకాల చోట్లపై సలహాలిచ్చే పట్టణ సంఘం) ఏర్పడాలి. అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి. రుసుం కట్టి అడిగితే, పాడవని సరుకును రెండు పనిదినాల్లో, కూరగాయల వంటివైతే అదే రోజు తిరిగివ్వాలి. ఈ సంగతి తెలియక ఎంతోమంది సరుకు వదిలేసుకుంటున్నారు. మున్సిపాలిటీ ఇచ్చే గుర్తింపు కార్డు అందుకే ముఖ్యం. దాని కోసం మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందిని కలవాలి.

అప్పుకూ ఆ కార్డే దారి. సంతల్లో రోజువారీ ఫైనాన్స్ సులువుగా దొరుకుతుంది. పదివేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిదివేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడటానికి పదో వంతు వడ్డీలా ఉంటుంది. కానీ అసలు రోజూ తరుగుతూ వస్తుంది కాబట్టి, సగటున మన దగ్గరుండేది అందులో సగమే. లెక్క కడితే నూటికి నెలకు ఆరు రూపాయల పైచిలుకు పడుతుంది. ఏడాదికి 75 శాతం దాటుతుంది.

దీనికి బదులుగా 2020 జూన్‌లో పీఎం స్వనిధి పథకం వచ్చింది. 2025 ఆగస్టులో దాన్ని సవరించి, 2030 మార్చి 31 దాకా పొడిగించారు. తాకట్టు లేకుండా మొదట 15,000 దాకా అప్పిస్తారు. అది తీరిస్తే 25,000, తర్వాత 50,000. గడువు తప్పకుండా కట్టేవారికి 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. కార్డు లేనివారు మున్సిపాలిటీ నుంచి సిఫారసు లేఖ తెచ్చుకోవచ్చు. మహిళా సంఘంలో ఉన్నవారికి స్త్రీనిధి (ఆ సంఘాలకు అప్పులిచ్చే సంస్థ) మరో దారి. ఇప్పటికే రోజువారీ అప్పులో ఉన్నవాళ్లు ఈ డబ్బుతో ముందు దాన్ని తీర్చేసుకోవాలి. అప్పుడు రోజూ కడుతున్న ఆ వందలో చాలా భాగం మర్నాటి సరుకులో చేరుతుంది.