రేఫద్వయము - స్మృతిద్వయము: కొండభాష సాక్ష్యము

ఏరు అనగా నాగలి. ఏఱు అనగా నది. వేరు చెట్టునకు సంబంధించినది, వేఱు భేదవాచకము. ఈ సంగతి మన విద్యార్థులు ఎఱుగుదురు గాని వ్రాయునపుడు మాత్రమే ఎఱుగుదురు. పలుకునపుడు వారికిని, బోధించు మాకును ఈ రెండు రేఫలును ఒక్కటియే. ప్రాచీన శాసనములలోనే యీ రెంటికి సాంకర్యము కానవచ్చుచున్నది. కవులు మాత్రము యతిప్రాసలలో ఆ భేదమును పెక్కు శతాబ్దులు పాటించిరి. చెవి విడిచినదానిని పూర్వకవి ప్రయోగములు వల్లించియు, లాక్షణికులు కూర్చిన పట్టికలు చూచియు నిలుపుకొనిరి. 'మఱచు' అను క్రియ తానే శకటరేఫయుక్త మగుట యొక చమత్కారము.

ఇక అరకులోయకు పోదము. ఆ పరిసరములందును, ఒడిశాలోని కోరాపుట్ కొండలందును కొండదొరలు వ్యవహరించు భాషకు కొండ యనియు, కూబి యనియు పేర్లు. దానికి పరంపరాగతమైన లిపి లేదు. వ్యాకరణము చదివి నేర్చినవారును లేరు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో ప్రకటించిన కొండభాషా గ్రంథము వలన, మూలద్రావిడమునాటి రేఫద్వయ భేదము ఆ పలుకుబడిలో నిలిచియున్నదని తెలియుచున్నది. మన పండితులు పట్టికలతో కాపాడిన దానిని వారు ఏ పట్టికయు లేకయే కాపాడిరి. ఇది యెట్లు సాధ్యమైనది?

దీనికి సమాధానము వ్యాకరణమున దొరకదు. మెదడు నిర్మాణమున దొరకును. 1953లో అమెరికాలో మూర్ఛరోగ నివారణకై యొక యువకునికి శస్త్రచికిత్స చేసి, మెదడు ఇరుప్రక్కలనుండి హిప్పోకాంపస్ అను భాగములో చాలవఱకు తొలగించిరి. నాటినుండి అతనికి క్రొత్త సంగతి యేదియు నిలువలేదు. అయినను బ్రెండా మిల్నర్ అతనిచే అద్దములో చూచుచు నక్షత్రపు గీతలు గీయించగా, దినదినమునకు నైపుణ్యము పెరిగినది. తాను మునుపు గీసితినన్న జ్ఞాపకము మాత్రము లేదు. కావున స్మృతి యొక్కటి కాదు. చెప్పగల స్మృతి వేఱు, చేయగల స్మృతి వేఱు. మొదటిది కుదురుకొనుటకు హిప్పోకాంపస్ ఆవశ్యకము. రెండవది అభ్యాసముచే నాడీకణముల నడుమనుండు సంధుల బలము మాఱుటవలన, ఆయా పనులు నడపు భాగములలోనే నెలకొనును. లాక్షణికుని శకటరేఫము మొదటి కోవకు చెందినది. కొండదొర నాలుకపై నున్నది రెండవ కోవకు చెందినది.

స్మరణ మార్గములును భిన్నములే. పట్టిక నేర్చినవానికి ఆలంబనము కావలెను. ప్రాసస్థానమున నేయక్షరము రావలెనో తెలిసినచో దానికి తగిన పదములు తలపునకు వచ్చును. ఆలంబనము లేనిచో తడబడును. మాతృభాషావ్యవహర్తకు ఇట్టి వెదకులాట లేదు. పదము నోట వెడలునపుడే తగిన రేఫయు వెడలును. ఏల యట్లు పలికితివని యడిగిన చెప్పజాలడు. క్షేత్రపరిశోధనకు పోవువారు దీనిని అజ్ఞానమని భ్రమింపరాదు.

ఈ రెండవ స్మృతికి ఆరంభదశ మిక్కిలి చిన్నది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను వారు ఆంగ్లభాషా కుటుంబముల శిశువులకు హిందీలోని త-ట వర్ణభేదమును వినిపించి పరీక్షించిరి. ఆఱు మొదలు ఎనిమిది మాసముల శిశువులు దానిని గుర్తించిరి. పది మొదలు పండ్రెండు మాసముల వయస్సునకు ఆ శక్తి చాలవఱకు క్షీణించినది. ఇంట వినబడు భేదములను మెదడు దృఢపఱచుకొని, వినబడనివానిని విడిచివేయుచున్నదన్నమాట. పెద్దవారు శిక్షణచే కొంత నేర్వగలరు గాని శ్రమ యధికము.

కొండదొరలలో పెక్కు కుటుంబములు నేడు తెలుగునే ఇంటిభాషగా గైకొన్నవి. అరకు ప్రాంతమున ఆదివాసీ ఒడియా సంతభాషగా వ్యాపించియున్నది. పాఠశాలలో కూబి పాఠములు చెప్పుట మేలే, అయితే అవి చేరునది మొదటి స్మృతికి. అప్పటికి శిశువునకు ఐదేండ్లు నిండియుండును. కావున మన పరిశోధక విద్యార్థులు వృద్ధులయొద్ద పదములు సేకరించుటతో ఆగక, ఉయ్యాలలో బిడ్డ యున్న యింట ఏ భాష వినబడుచున్నదో, తల్లి యే రేఫ పలుకుచున్నదో కూడ నమోదు చేయవలెను. ఆ పని చేయువారికి నిఘంటువుకంటె ముందు కావలసినది మంచి ధ్వనిముద్రణయంత్రము, ఆ యింటివారి అనుమతి, ఒక యేడాది ఓపిక.