మంచుబండిలో థ్రాటిల్ రక్షణ వ్యవస్థ: లోపమును కనుగొను క్రమము

1934 శీతాకాలములో కెనడా దేశపు క్విబెక్ రాష్ట్రమున, వాల్కూర్ అను ఊరిలో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అను మెకానిక్, మంచు కప్పిన దారులలో ఆసుపత్రికి చేర్చు సాధనము లేక తన పసికుమారుని కోల్పోయినాడు. 1937లో ఆయన మంచుపై నడచు పట్టా యంత్రమునకు పేటెంటు పొందినాడు. ఆయన సంస్థ నుండి 1959లో వెలువడిన ‘స్కీ-డూ’తో ఈ చిన్న మంచుబండ్లు, అనగా స్నోమొబైళ్లు, జనసామాన్యమునకు అందినవి. ముందు రెండు స్కీలు, వెనుక రబ్బరు పట్టా. ఇంతే దాని రూపము. మన దేశమున గుల్మార్గ్‌కు వెళ్లిన యాత్రికులు దీనిని చూచియుందురు.

స్కూటరులో వలె ఇందు పిడిని త్రిప్పుట లేదు. కుడిచేతి బొటనవ్రేలితో ఒక మీటను నొక్కవలెను. మీట కేబులును లాగును. కేబులు కార్బురేటరులోని స్లైడును పైకెత్తును. వ్రేలు తీయగానే స్ప్రింగు స్లైడును క్రిందికి దించవలెను. దించకపోయినచో బండి తనంతట తాను దూసుకుపోవును. ఎదుట చెట్టుండవచ్చును, లోయ యుండవచ్చును.

ఇట్లు స్లైడు బిగిసికొనుటకు ముఖ్యకారణము మంచే. అరచేతిలో స్పిరిటు పోసికొన్నచో చల్లనగుట మనమెరుగుదుము. కార్బురేటరులో పెట్రోలు ఆవిరియగునప్పుడును అదే జరుగును; గాలిలోని తేమ గడ్డకట్టి స్లైడునకు అంటుకొనును. విచిత్రమేమనగా, ఈ ప్రమాదము తీవ్రమైన చలిలో కంటె సున్న డిగ్రీలకు దరిదాపుల, తేమ గల దినములలోనే హెచ్చు. అతిశీతల వాయువులో తేమయే స్వల్పము గదా!

కనుకనే రక్షణ స్విచ్చి అవసరమైనది. పొలారిస్ వారి కార్బురేటరు బండ్లలో స్విచ్చి మీట దిమ్మెలోనే యుండును. కేబులు బిగువుగా ఉన్నంతకాలము అది మిన్నకుండును; మీట వదలినను స్లైడు దిగనిచో కేబులు వదులై, స్విచ్చి ఇగ్నిషనును ఆపివేయును. యమహా వారి పద్ధతిలో మీట వద్ద ఒకటి, కార్బురేటరు వద్ద ఒకటి స్విచ్చులుండును. రెండును ఒకే మాట చెప్పనిచో, క్లచ్చి పట్టుకొను వేగమును చేరకుండ ఇంజనును అణచియుంచును. నా దృష్టిలో రెండవదియే మెరుగు, ఏలయన చేతి యుద్దేశమును, యంత్రపు నడతను వేర్వేరుగా విచారించును.

ఇక లోపము. ఇంజను అంటుకొని వెంటనే ఆగిపోవుట, లేదా ప్లగ్గులో నిప్పురవ్వ రాకపోవుట దీని లక్షణములు. చాలమంది మొదట స్విచ్చినే నిందింతురు. అది తొందరపాటు. ఇంజను ఆపియుంచి మీటను నొక్కి వదలవలెను. స్లైడు టక్కున దిగిన చప్పుడు వినబడవలెను. వినబడనిచో స్విచ్చి సత్యమే చెప్పుచున్నది. మంచునో, చిక్కుకొన్న కేబులునో చూడవలెను. స్లైడు చక్కగా దిగుచున్నచో కేబులు వదులును పరీక్షింపవలెను. వాడుకలో సాగిన కేబులు, స్లైడు బిగియకున్నను, బిగిసినట్లే స్విచ్చిని మోసగించును. పొలారిస్ పద్ధతిలో మాటిమాటికి కనిపించు దోషమిదియే. తయారీదారు పుస్తకములో చెప్పిన మేరకు సర్దుబాటు మరను త్రిప్పినచో బాగగును, కాసు ఖర్చుండదు.

అప్పటికిని నిప్పురవ్వ లేనిచో స్విచ్చి తీగల జోడును విడదీసి చూడవలెను. ఇప్పుడు రవ్వ వచ్చినచో దోషము స్విచ్చిలోనో, తేమ పట్టిన దాని కొనలలోనో కలదు. రానిచో వెదకవలసిన చోటు వేరు.

ఇచ్చటనే ఒక ఆశ పుట్టును: తీగలు విడదీసినంతనే ఇంజను నడచుచున్నది, అట్లే పోవుదమని. ఊరికి దూరముగ మంచులో చిక్కుకొన్నవానికి ఆ ఆశ సహజమే. కాని ఆ బండికి ఇక కాపు లేదు. పరీక్ష ముగియగానే తీగలను మరల కలుపవలెను. క్రొత్త స్విచ్చి బిగించిన పిదప అది పనిచేయుటను కూడ రూఢిపరచుకొనవలెను. యమహా బండిలో మీట ఇరుసును బయటికి లాగిపట్టి, మెల్లగా మీటను నొక్కుదురు. ఇంజను వేగము హద్దు దాటకున్నచో స్విచ్చి సరిగా నున్నట్లే.