మా విజ్ఞానశాలలోని తాబేలు

మా పాఠశాల విజ్ఞానశాలలో మూడేండ్లుగా ఒక నీటి తాబేలును పెంచుచున్నాము. వచ్చినప్పుడు రూపాయి బిళ్లకంటె కొంచెము పెద్దది; నేడు అరచేతిలో పట్టదు. మా కన్నడ మిత్రులు తాబేలును 'ఆమె' అందురు. ఆ మాట విని మొదట నవ్వుకొంటిమి గాని, తుదకు మాకును అదియే పేరుగా స్థిరపడినది. ముందుకాళ్ల గోళ్లు బాగుగా పొడవు పెరిగినచో మగదని తెలియునట. అప్పుడేమని పిలువవలయునో చూడవలెను.

దీని జాతికి పుట్టినిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతము. కంటి వెనుక ఎఱ్ఱని చార యుండుటచే ఎఱ్ఱచెవుల తాబేలని పేరు. మన చెరువులలోని తాబేళ్లను పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముననుసరించి నేరము.

మొదటి యేడు మేము తొట్టిలో బెత్తెడు నీరు పోసి, మూసిన కిటికీ అద్దము చెంత నుంచి, ఎండు రొయ్యలు మాత్రమే పెట్టితిమి. ఎండ చక్కగా తగులుచున్నదని సంతోషించితిమి కూడ. కొన్ని నెలలకు డిప్ప అంచులు మెత్తబడెను, కండ్లు వాచెను, మేత మానెను. పశువైద్యుడు మొదట అడిగినది ఆ కిటికీని గూర్చియే. ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మమునకు సోకినగాని డి విటమిను తయారుకాదు. అది లేనిదే తిన్న కాల్షియము డిప్పకు పట్టదు. అద్దము వెలుతురును రానిచ్చును గాని ఆ కిరణములను చాలవరకు ఆపివేయును. కండ్ల వాపునకు కారణము ఎ విటమిను లోపము, అనగా మా ఎండు రొయ్యలే.

ఇప్పుడు ప్రతి ఉదయము కొంతసేపు ఆరుబయట ఉంచుచున్నాము. తొట్టిలో సగము నీడ తప్పక యుండవలెను. లేనిచో నీరు కాగి తాబేలు చచ్చును. లోపల ఆ కిరణముల నిచ్చు దీపము, దాని క్రింద ఒడలు పూర్తిగా ఆరుటకు ఒక రాయి కలవు. రాతిపై 30 నుండి 32 డిగ్రీలు, నీటిలో 24 నుండి 27 డిగ్రీల వేడిమి చాలును. నీటి లోతు డిప్ప పొడవునకు రెండింతలకు తగ్గరాదు. మేత నీటిలోనే మ్రింగును. పిల్లలకు పురుగులు, చిన్న చేపలు ప్రీతి. పెరిగినకొలది ఆకులు హెచ్చుగా పెట్టవలెను. మా తాబేలునకు గుఱ్ఱపుడెక్క ఆకన్న ప్రాణము.

నీరు మార్చుటయే పెద్ద పని. ముట్టిన పిదప సబ్బుతో చేతులు కడుగనిదే ఎవరిని బయటికి పోనీయము. తాబేళ్లపై సాల్మొనెల్లా క్రిములుండును. పిల్లలకు ఆ జబ్బు సోకుచుండుటచే అమెరికాలో 1975లో నాలుగంగుళములకు లోబడిన తాబేళ్ల అమ్మకమునే నిషేధించిరి.

చెరువులో విడిచిపెట్టరాదా యని కొందరడిగిరి. రాదు. లోకమున మిక్కిలి హాని చేయు నూరు పరాయి జీవుల పట్టికలో ఇదియు ఒకటి; మన తాబేళ్ల మేతను, ఎండ కాగు చోట్లను ఆక్రమించును. ఇది ఇరువది ముప్పది యేండ్లు బ్రతుకును. మేమో యీ మార్చితో పదవ తరగతి ముగించి వెడలుచున్నాము. వేసవి సెలవులలో నీరు మార్చువారి పట్టికలో ఇంకను నాలుగు వారములు ఖాళీగా నున్నవి. తొమ్మిదవ తరగతివారు త్వరగా పేర్లు వ్రాయవలెను.